వర్ని బస్సెక్కిన అన్నాచెల్లెళ్లు

నిజామాబాద్‌లో నాకో చిన్న ప్రెస్సుంది. పెండ్లిపత్రికలు అచ్చు వేస్తాను. ఊళ్లో వాళ్ల పేర్లలో అచ్చుతప్పులు పట్టుకుంటూ జుట్టు నెరిసింది. అలాంటి నేను మా ఇంట్లో పడిన తప్పును మాత్రం ఏడాదిదాకా పట్టుకోలేకపోయాను. అది అక్షరం రూపంలో రాలేదు మరి, జాకెట్టు రూపంలో వచ్చింది.

మా ఆవిడ జాకెట్లు కుట్టేది. మా గల్లీలో ఆమె టేపు తగలని భుజం లేదు. ఒకరోజు ఎదురింటి బీడీలక్క, అంటే ఎదురింటి అరుగు మీద కూర్చుని పొద్దంతా బీడీలు చుట్టే ఆమె, కొత్త జాకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"అక్కా, రెండు చేతులు ఎడమ చేతివే కుట్టినవు. నాకు కుడిచెయ్యి గూడ ఉన్నది, జర సూడు."

మా ఆవిడ చూసి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. "నువ్వు కుడి ఎడమల తేడా లేని సమానత్వవాదివి" అన్నాను. ఆ మాట నాకు అప్పట్లో చాలా బాగా నచ్చింది. తరువాత పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది. ఒకే ముచ్చట పొద్దున చెప్పి, మధ్యాహ్నం చెప్పి, సాయంత్రం కొత్తగా చెప్పింది. ఆమెకప్పుడు యాభై దాటి ఎంతో కాలం కాలేదు. మతిమరుపంటే ముసలివాళ్ల సొత్తని మా నమ్మకం. కాబట్టి వయసు మార్పని కొంతకాలం, నిద్ర చాలడం లేదని కొంతకాలం, నేను వినకపోవడం వల్లే మళ్లీ మళ్లీ చెబుతోందని కొంతకాలం అనుకున్నాం. చివరిది మా ఆవిడ అభిప్రాయం. అందులో కొంత నిజం కూడా ఉంది.

ఆమె సంగతి అలా ఉండగా, బోధన్ దగ్గర మా అక్క ఇంట్లో ఇంకో కథ నడుస్తోంది.

మా బావ చెరుకు రైతు. బెల్లం గానుగ ఉండేది. అత్తగారింటికి వస్తే రెండోసారి అన్నం పెట్టించుకోవడానికి కూడా సిగ్గుపడే మనిషి. ఆయన గుండు మీద వెంట్రుక లేకపోయినా నోటి మీద తాళం ఉండేది. ఆ తాళం ఓ పెండ్లిలో తొలిసారి ఊడింది. భోజనాల దగ్గర పెండ్లికొడుకు విస్తట్లోంచి లడ్డూ తీసుకుని నోట్లో వేసుకున్నాడు. వేసుకుని, పెండ్లికొడుకు మేనమామ వైపు తిరిగి నిండు పంక్తిలో అడిగాడు.

"అన్నా, గది నీ నెత్తా, విగ్గా?"

ఆ పెండ్లిపత్రిక అచ్చు వేసింది నేనే. బంధుమిత్రుల అభినందనలతో అని కింద వేశాను కూడా.

లడ్డూ సంగతి పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. చెరుకు ఊళ్లలో తీపి తినడం తప్పెట్లా అవుతుంది? గానుగాడే రోజుల్లో వేలితో పాకం ముట్టి నాలుక మీద పెట్టుకోనివాడు బెల్లం వండలేడు. అందుకని బావ డబ్బాలు డబ్బాలుగా బెల్లం మెక్కుతున్నా, పక్కింటి వంటగదిలోకి వెళ్లి చక్కెర గుప్పిట్లో పోసుకుంటున్నా "గానుగోని నాలుక, గట్లనే ఉంటది" అని ఊరు ఊరంతా సర్దిచెప్పుకుంది. ఇంకో ప్రాంతంలో అయితే ఏడాది ముందే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవారేమో. మా దగ్గర ఆ జబ్బు కలుపుమొక్కలా విడిగా కనపడకుండా, చెరుకులా పంటలో కలిసిపోయింది.

మా ఆవిణ్ని హైదరాబాద్‌లో మెదడు డాక్టరుకు చూపించాక, ఆయన అడిగిన ప్రశ్నలన్నీ నేను ఫోన్లో అక్కకు చెప్పాను. "తమ్మీ, ఈసారి పోయేటప్పుడు మీ బావను గూడ తోల్కపోదాం" అంది.

అలా ఇద్దరూ ఒకే డాక్టరు ముందు కూర్చున్నారు. డాక్టరు బావ గురించి అడిగాడు.

"తీపి ఎక్కువ తింటున్నాడా అమ్మా?"

"సార్, బెల్లం వండెటోడు బెల్లం తినకుంటె పాకం ఎట్ల తెలుస్తది?" అంది అక్క.

"గానుగ ఇప్పుడు నడుస్తోందా?"

గానుగ మూసి అప్పటికి మూడు చెరుకు పంటలు కోశారు.

డాక్టరు ఓపికమంతుడు. అరవై ఐదు నిండకముందు కూడా ఈ మతిమరుపు జబ్బులు వస్తాయనీ, పేరు ఒక్కటిగా వినపడినా రకాలు వేరనీ, ఒక్కో రకం మెదడులో ఒక్కో మూల నుంచి మొదలవుతుందనీ చెప్పాడు. మా ఆవిడది జ్ఞాపకం దగ్గర మొదలైంది. కొత్తవి ముందు పోతాయి, పాతవి చాలాకాలం నిలుస్తాయి. తరువాత దారులు, లెక్కలు, చేతిపనుల వరుస, ఆ తరువాత మాటలు. బావది నుదుటి వెనక మొదలైంది. జ్ఞాపకం భేషుగ్గా ఉంటుంది, ముందు పోయేది స్వభావం. మొహమాటం, ఆగడం, ఎదుటివాళ్ల బాధ తెలియడం. ఇదివరకు లేని తీపి యావ పుడుతుంది. కొన్నేళ్లకు ఆ దూకుడు కూడా తగ్గి, ఏ పనీ మొదలుపెట్టాలనిపించక, మాట తగ్గి కూర్చుండిపోతారు. కళ్లు బాగానే ఉండి, చూసింది ఏమిటో అందని రకం కూడా ఒకటుందట. వాళ్లు అద్దాలు మార్చీ మార్చీ అలిసిపోయాక ఈయన దగ్గరికి వస్తారట. ఎవరు ఈ దారిలో ఎంత వేగంగా నడుస్తారో మాత్రం ముందే చెప్పలేమన్నాడు. చివరికి అన్ని రకాలూ దగ్గర దగ్గరగా వస్తాయనీ, నడక, మింగడం కూడా కష్టమవుతాయనీ చెప్పేటప్పుడు మాత్రం కాస్త గొంతు తగ్గించాడు.

బయట బెంచీ మీద వేల్పూర్ వైపు పసుపు రైతు ఒకాయన కూర్చుని ఉన్నాడు. మాకంటే చిన్నవాడు. ఆయనకు మాటల దగ్గర మొదలైంది. సంచిలోంచి పసుపుకొమ్ము తీసి చూపించి "ఇది... ఆ పచ్చది... మన పచ్చది" అంటున్నాడు. పేరు లేదు కానీ వేళ్ల మధ్య తిప్పి, కొమ్ము విరిచి, లోపలి రంగు చూసి, బాగుందన్నట్టు తలూపాడు. ఆ తలూపులో నాకు తెలిసిన నిఘంటువులన్నిటికంటే ఎక్కువ అర్థం ఉంది.

తిరుగు ప్రయాణంలో అక్క కిటికీలోంచి కాలువ చూస్తూ చూస్తూ, డాక్టరు గంటసేపు చెప్పింది రెండు ముక్కల్లో తేల్చేసింది.

"చెల్లెకు నీళ్లు చివరి మడిదాక అందుతలేవు తమ్మీ. తూముకాడి మళ్లు ఇంకా పచ్చగనే ఉన్నయి, నిన్నటి మళ్లు ఎండుతున్నయి. మీ బావకు నీళ్లకేం తక్వ లేదు. తూముకాడ మనిషే లేడు. ఏదొస్తె గది పారుడే."

చెల్లె అంటే మా ఆవిడే. అక్క ఆమెను అలాగే పిలుస్తుంది. నిజాంసాగర్ కాలువ కింద వ్యవసాయం చేసినవాళ్లకు ఈ జబ్బు అర్థం కావడానికి ఇంతకంటే బొమ్మ అక్కర్లేదు.

* * *

కొన్నాళ్లకు అక్క మోకాలు అరిగిపోయింది. గోడ దూకి చెరుకు తోటల్లోకి, ఊళ్లో వంటిళ్లలోకి వెళ్లే భర్త వెనక పరుగెత్తితే ఏ మోకాలైనా అరుగుతుంది. బోడిగుండుకూ మోకాలికీ ముడిపెట్టొద్దని పెద్దలు సామెత చెప్పారు గానీ, మా ఇంట్లో ఆ ముడి భగవంతుడే వేశాడు. బావ గుండు మాట వినకపోవడం వల్లే అక్క మోకాలు పోయింది. మార్చక తప్పదని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. అక్క మాత్రం ఏడాదిగా వాయిదా వేస్తూనే ఉంది. చివరికి ఒక షరతు పెట్టింది.

"నేను మంచం దిగేదాక ఆయన నీ కాడ కుదురుగ ఉంటెనే నేను ఆపరేషన్ బల్ల ఎక్కుత. ఒక్కనాడు ఆగం జేసిండని తెల్సినా, కుంటుకుంటనే బోధన్ పోత. తరువాత నన్ను అడగొద్దు."

అక్క అన్న మాట తప్పదు. అవతల డాక్టరు ఇంకా ఆలస్యమైతే నడక పూర్తిగా పోతుందంటున్నాడు. కాబట్టి అక్క కాలు నా చేతిలో పడింది. నా చేతిలో అచ్చు కాగితం తప్ప ఏదీ నిలిచిన చరిత్ర లేదు.

ఆపరేషన్‌కు కొద్దిరోజుల ముందే బావ మా ఇంటికి వచ్చాడు. వచ్చిన మొదటిరోజే తలుపు తీసే ఉద్యోగం తనే తీసుకున్నాడు. పెండ్లిపత్రిక ప్రూఫు చూసుకోవడానికి వచ్చినవాణ్ని గుమ్మంలోనే ఆపాడు.

"ఎందుకొచ్చినవ్? ఎప్పుడు పోతవ్?"

వెనక నుంచి మా ఆవిడ. "లోపటికి రా అన్నా, కూసో. చాయ్ తాగుతవా?"

చాయ్ ఇచ్చింది. తాగాక ఖాళీ గ్లాసు చూసి "అయ్యో, చాయ్ తాగుతవా అన్నా?" అంది. అతను మూడో గ్లాసు దాకా మర్యాదకు తాగి, పెండ్లికూతురి ఇంటిపేరు సరిగా చూడకుండానే పరుగెత్తాడు.

రెండుమూడు రోజులు గమనించాక నాకు ఓ సంగతి తట్టింది. బావకు దారులన్నీ గుర్తున్నాయి, మర్యాద లేదు. మా ఆవిడకు మర్యాదంతా ఉంది, దారి గుర్తులేదు. వేర్వేరుగా ఇద్దరూ సగం సగం. పక్కపక్కన నడిస్తే నాకంటే నయమైన మనిషి ఒకరు తయారవుతారు. సాయంత్రాలు ఇద్దర్నీ గల్లీ చివరిదాకా తీసుకెళ్లేవాణ్ని. బావ జిలేబీ బండి ముందు ఆగి, అడగకుండా ఒకటి తీసుకునేవాడు. మా ఆవిడ బండివాడి వైపు చేతులు జోడించేది.

"ఏమనుకోకు తమ్మీ. మా అన్నకు పాణం బాగుంటలేదు."

నా భార్యకు మా అక్క భర్త అన్న వరుసే కదా. కాస్త ముందుకెళ్లాక బావ నా చెవిలో చెప్పేవాడు.

"బామ్మర్దీ, చెల్లెకు యాది ఉంటలేదు. పైలం. నువ్వు ఎక్వ ముచ్చట్లు చెప్పి ఆమె నెత్తి తినకు."

ఎవరికి వారు తాము బాగున్నామని, ఎదుటివాళ్లకే జబ్బని నమ్మకం. డాక్టరు దీనికి కూడా ఏదో పేరు చెప్పాడు. నేను దీన్ని సంసారం అంటాను.

ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. పొద్దు వాలేసరికి మా ఆవిడ కొంగు సర్దుకుని లేచేది. "ఇగ నేను ఇంటికి పోత" అనేది. ఇదే నీ ఇల్లంటే నమ్మేది కాదు. ఆమె పుట్టిల్లు వర్ని. అక్కడ ఆమె తమ్ముడూ మరదలూ వరి పండించుకుంటూ ఉన్నారు. పుట్టింటి మీద బెంగేమోనని రెండుమూడుసార్లు నేనే బండి మీద వర్ని తీసుకెళ్లాను. అక్కడ మంచం మీద కూర్చునేది, చుట్టూ చూసేది, నీళ్లు తాగేది. పది నిమిషాలకు "ఇంటికి పోదాం నడువుండ్రి" అనేది. నిజామాబాద్ తీసుకొస్తే గుమ్మంలోనే "ఇంటికి పోవాలె" అనేది. రెండిళ్ల మధ్య పెట్రోలు అయిపోయింది గానీ ఆ ఇల్లు దొరకలేదు. దాంతో రోజూ "రేపు పోదాం" అని చెప్పే పద్ధతిలో పడ్డాను.

ఆపరేషన్ ముందురోజు అక్కను ఆస్పత్రిలో చేర్చారు. మధ్యాహ్నం ఆమె పరీక్షలప్పుడు నేను అక్కడ ఉండాలి. ఎదురింటి బీడీలక్కను కాస్త కనిపెట్టి ఉండమన్నాను.

"ఆయన ఒక్కడు బయటికొస్తె ఆపు. ఆమె ఒక్కతె బయటికొస్తె ఆపు."

"నేను ఈడనే ఉంట గద అన్నా, నువ్వు పో" అంది, చేట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూ.

ఇద్దరూ కలిసి వస్తే ఏం చెయ్యాలో నేను చెప్పలేదు. ప్రూఫులు దిద్దేవాడి బతుకింతే. ఉన్న అక్షరాల్లో తప్పు పడితే దొరుకుతుంది, అసలు పడని అక్షరం దొరకదు.

నాలుగు దాటాక తిరిగొచ్చేసరికి ఇంటికి బయట గొళ్లెం పెట్టి ఉంది. తులసికి నీళ్లు పోసి ఉన్నాయి. బీడీలక్క తలెత్తకుండా బీడీ చుడుతోంది.

"ఇద్దరేరి?"

"పోయిండ్రు గద అన్నా. పుట్టింటికి."

"ఎవ్వలు తోల్కపోయిండ్రు?"

"వాళ్లన్న."

"వాళ్లన్న కాదు, ఆయన మా బావ!"

"నీకు బావ అయితె ఆమెకు అన్ననే గద" అంది బీడీలక్క. ఇందులో దిద్దడానికేమీ లేదు. "సంచి ఆయన పట్టుకున్నడు. అక్క కొత్త చీర కట్టుకున్నది. పుట్టింటికి తోల్కపోను అన్న వచ్చిండు, పోయొస్త అన్నది. పోంగ పోంగ ఉత్త నొసటితోని ఎట్ల పోతది? బొట్టు పెట్టి పంపిన."

ఆమె తప్పేముంది? అన్న వచ్చి చెల్లెను పుట్టింటికి తీసుకుపోతుంటే మా వైపు గల్లీ గల్లీ అరుగు దిగి సాగనంపుతుంది. ఇద్దరిలో ఒకరు తడబడినా ఆపేదే. ఇద్దరూ ఒకరికొకరు సరిపోయి, ఎక్కడా తప్పు కనపడకుండా వెళ్లిపోయారు.

వర్నికి ఫోన్ చేశాను. బావమరిది పొలంలో ఉన్నాడు. ఇంకా ఎవరూ రాలేదు, బస్టాపుకు పోతానన్నాడు. నేను బస్టాండుకు పరుగెత్తాను. వర్ని బస్సు వెళ్లి చాలాసేపైందన్నారు. అదే సమయానికి జేబులో ఫోన్ మోగింది. అక్క.

"మీ బావ ఏం జేస్తుండు?"

బస్సు ఎక్కితే ఏం చేస్తాడు? "కూసున్నడు అక్కా" అన్నాను.

"చెల్లె?"

"పక్కనే కూసున్నది."

"నిమ్మళంగ ఉన్నరు గద?"

"సప్పుడే లేదు."

ఒక్క అబద్ధం ఆడలేదని గొప్పగా చెప్పుకోవచ్చు గానీ, చెప్పిన ప్రతి ముక్కా అక్కను మోసం చేసేదే. రేపు పొద్దున ఆ మనిషి బల్ల ఎక్కాలి.

స్కూటరు మీద వర్ని దారి పట్టాను. దారి పొడుగునా రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి పక్కనుంచి స్కూటరు తోలడం ఒక కళ. నాకు రాదు. ఎవరివో కొన్ని వడ్లు తొక్కాను, ఎవరో బాగానే తిట్టారు. సగం దారిలో ఫోన్ మోగింది.

"బావా, దిగిండ్రు. ఇద్దరు మంచిగనే ఉన్నరు. నువ్వు పైలంగ రా."

స్కూటరు ఆపి, ఆ వడ్ల పక్కనే కాసేపు కూర్చున్నాను. ఇందాక తిట్టిన మనిషి వెనకే వచ్చి, నా వాలకం చూసి మంచినీళ్లిచ్చాడు.

బస్సులో ఏం జరిగిందో చెప్పగలిగిన సాక్షి ఒక్కడే ఉన్నాడు. బావకు జ్ఞాపకంలో లోటు లేదు కదా. నేను వర్నిలో కాళ్లు కడుక్కుంటుంటే పూసగుచ్చినట్టు చెప్పాడు.

"కండక్టరమ్మ టికెట్ అన్నది. చెల్లె ఆధార్ కార్డు సూపిచ్చింది. నీది అన్నది నన్ను. నేను చెల్లెతోని వచ్చిన అన్న. ఆడోళ్లకే ఫ్రీ అన్నది. అయితె నేను చెల్లె సామాను అన్న."

"తరువాత?"

"సామానుకు గూడ టికెట్ ఉంటది అన్నది. చెల్లె కొంగు ముడి ఇప్పి పైసలిచ్చింది. మా అన్నకు పాణం బాగుంటలేదు, ఏమనుకోకు బిడ్డా అన్నది. పాపం, చెల్లెకే బాగుంటలేదు. నేనేమనలె."

ఏమీ అనకుండా ఉన్నాడట! జబ్బు మొదలయ్యాక బావ ఒక మాట ఆపుకున్న సందర్భం అదొక్కటే అనుకుంటాను.

లోపలికి వెళ్లేసరికి మా ఆవిడ పీట మీద కూర్చుని ఉంది. ఎదురుగా మరదలు, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తోంది. ఒడిబియ్యం. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ ఒడి నింపి అత్తవారింటికి పంపే మా వైపు ఆనవాయితీ. బియ్యంలో ఎండుకొబ్బరి కుడుకలు, పసుపుకొమ్ములు, జాకెట్టు ముక్క.

"ఏం జెయ్యాలె అన్నా మరి" అంది ఆమె నన్ను చూసి. "వదినె వచ్చుడు వచ్చుడే మా అన్న తోల్కచ్చిండు అన్నది. సంచిల చీర పెట్టుకొని వచ్చింది. నువ్వు తోల్కచ్చినప్పుడు ఎన్నడన్న సంచి తెచ్చిందా? గట్ల వచ్చిన ఆడిబిడ్డను ఉత్త ఒడితోని ఎట్ల పంపుత? ఇయ్యాల మంచిరోజేనా గని? నీకు ముహూర్తాలు ఎర్కనే గద."

నేను అచ్చు వేసేవాణ్నే గానీ ముహూర్తాలు పెట్టేవాణ్ని కాను. అయినా "బ్రహ్మాండమైన రోజు" అన్నాను.

బావ పళ్లెంలోంచి ఒక కుడుక తీసుకుని నమలడం మొదలుపెట్టాడు. మా ఆవిడ కొంగు ముడివేసుకుని, ఒడి రెండు చేతులా పట్టుకుని లేచింది. ఆ నిలబడడంలో తడబాటు లేదు. చాలా నెలల తరువాత ఆమె ఎక్కడికి వెళ్లాలో తెలిసిన మనిషిలా కనిపించింది.

"ఇగ పోయొస్త మరదలా. పొద్దుపోతుంది. ఇంటికాడ మా ఆయన ఒక్కడే ఉంటడు" అంది. నావైపు తిరిగి నన్నే అడిగింది. "గంతే గదా? ఆయనకు చాయ్ పెట్టుకునుడు గూడ రాదు."

"నిజమే, పాపం" అన్నాను నేను. వెనక బావమరిది నవ్వు ఆపుకోలేక బయటికి పోయాడు. నా కళ్లలోకి పసుపు పడిందని నేనూ బయటికి పోయాను.

బావమరిది కారులో అందరం నిజామాబాద్ వచ్చాం. దారంతా ఆమె ఒడిలోని బియ్యం వదల్లేదు. ఇంటి గుమ్మం ఎక్కింది, చెప్పులు విడిచింది, నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఆ సాయంత్రం "ఇంటికి పోవాలె" అనలేదు.

అప్పుడర్థమైంది, ఇన్నాళ్లూ నేను తీసుకెళ్తే ఎందుకు కుదరలేదో. మొగుడి బండి వెనక కూర్చుని వెళ్లేది పుట్టిల్లు కాదు, అదో షికారు. పుట్టింటికి అన్నదమ్ములు వచ్చి తీసుకెళ్లాలి. సంచి వాళ్లు పట్టుకోవాలి. ఎదురింటామె బొట్టు పెట్టాలి. ఒడి నిండాలి. ఒడి నిండితేనే తిరిగిరావడానికి ఒక ఇల్లుంటుంది. ఇదంతా తూముకాడి మడి. ఇంకా పచ్చగానే ఉంది. నేనే చివరి మళ్లకు నీళ్లు పెట్టబోయాను.

* * *

మరునాడు పొద్దున అసలు గండం. అక్కకు చెప్పాలా, వద్దా? ఆపరేషన్ అయ్యాక చెప్దామని బావను తీసుకుని ఆస్పత్రికి వెళ్లాను. తూముకాడ మనిషి లేడన్న సంగతి నేనే మరిచిపోయాను.

"నిన్న చెల్లెను వర్ని తోల్కపోయిన" అన్నాడు బావ, గదిలో అడుగు పెడుతూనే. "బస్సుల. బామ్మర్ది లేడు."

అక్క నావైపు చూసింది. ఆకుపచ్చ గౌను వేసుకుని, కాలికి గుర్తులు పెట్టించుకుని ఉంది. స్ట్రెచరు తలుపు దగ్గరే ఉంది. అక్క కాళ్లు కిందికి దింపింది. దింపి, నాతో కాకుండా బావతో మాట్లాడింది.

"ఎందుకు తోల్కపోయినవ్?"

"ఇంటికి పోత ఇంటికి పోత అంటుంది. రోజు అంటుంది. బామ్మర్ది రేపు రేపు అంటుండు. రేపు పోడు. గందుకే నేను తోల్కపోయిన."

ఎదుటివాళ్ల బాధ తెలియడం పోతుందని డాక్టరు చెప్పినప్పటి నుంచీ అక్క ఆయన దగ్గర దానికోసం ఎదురుచూడడం మానేసింది. తను కుంటుతూ నడుస్తుంటే ఒక్కసారి కూడా ఎందుకని అడగని మనిషి. ఇది బాధ తెలియడమో, లేక మొహమాటం లేనివాడు విన్నమాట విన్నట్టు చేసేయడమో నాకు ఇప్పటికీ తెలియదు. డాక్టరును అడిగితే రెండోదే అయ్యుంటుందన్నాడు. అక్కను అడగలేదు.

అక్క మొహం ముందు ముడుచుకుంది, తరువాత విచ్చుకుంది. నర్సు వైపు తిరిగింది.

"విన్నవా బిడ్డా? పెండ్లైన కాడికెల్లి నేను మొత్తుకోంగ మొత్తుకోంగ ఒక్కపారన్న నన్ను పుట్టింటికి తోల్కపోయిండా? చెరుకు కోతలున్నయి, గానుగున్నది, రేపు అనెటోడు. చెల్లె అంటె మాత్రం బస్సెక్కిచ్చిండు!"

"నువ్వు గట్టిగ అడుగలె" అన్నాడు బావ.

గదంతా నవ్వింది. అక్క కళ్లు తుడుచుకుంటూ కాళ్లు మళ్లీ పైకి పెట్టుకుంది.

"షరతు పెట్టినవు గదా అక్కా" అన్నాను, భయం భయంగానే.

"ఆగం జేస్తె అన్న. గిది ఆగమా? ఆడిబిడ్డకు ఒడిబియ్యం పోయించుకొచ్చుడు ఆగమైతదా? నువ్వు మాత్రం ఇంటికాడ ఉండు, మంచిగున్నరు నిమ్మళంగున్నరని నాతోని పత్రికభాష మాట్లాడకు." స్ట్రెచరు తెమ్మని చెయ్యి ఊపింది. "లే, పోదాం. కొత్త మోకాలు పెట్టించుకుంట. ఈయన గీ సారి తోల్కపోత అంటె నేను గూడ బస్సెక్కాలె గద."

* * *

ఇది జరిగి ఏడాది దాటింది. అక్క ఇప్పుడు నాకంటే వేగంగా నడుస్తుంది. ఆ సంగతి అడక్కపోయినా చెబుతుంది.

బావ మాట చాలా తగ్గింది. తలుపు తీసి "ఎందుకొచ్చినవ్" అనడం కూడా మానేశాడు. వచ్చినవాళ్లకు ఇప్పుడు కాస్త వెలితిగా ఉంటోంది. బెల్లం డబ్బాకు తాళం ఉంది గానీ ఆయన అంతగా వెతకడం లేదు. మా ఆవిడ కత్తెర పట్టుకోవడం మరిచింది. ఆమె మళ్లు ఇంకొన్ని ఎండాయి. అయితే చేతికి సూది ఇస్తే అంచు కుట్టు ఇప్పటికీ వరుస తప్పదు. వేల్పూర్ ఆయన దాదాపు మాట్లాడడం లేదట, పసుపు మాత్రం ఏరుతున్నాడని వాళ్లావిడ ఫోన్లో చెప్పింది. ముగ్గురూ మూడు దారుల్లో ఒకే ఊరికి నడుస్తున్నారు. నడిచినంతసేపు నడకే కదా.

ఒడిబియ్యం వండుకుని పదిమందికి పంచాలంటారు. పంచాం. గుప్పెడు మాత్రం చిన్న మూటగట్టి దాచాను. పొద్దు వాలి ఆమె కొంగు సర్దుకోవడం మొదలుపెట్టగానే ఆ మూట ఒళ్లో పెడతాను. తడిమి చూస్తుంది. "అవు, మొన్ననే పోయొచ్చిన. మా అన్న తోల్కపోయిండు" అంటుంది. కొన్ని సాయంత్రాలు అంటుంది. కొన్ని సాయంత్రాలు మూట పక్కన పెట్టి గుమ్మంలో నిలబడుతుంది. అప్పుడు నేనూ వెళ్లి పక్కన నిలబడతాను.

నెలకోసారి అక్క బావను తీసుకొస్తుంది. బావ జేబులో, మా ఆవిడ కొంగు ముడిలో ఉంచడానికి నేనే కార్డులు అచ్చు వేశాను. "వీరు విడిగా కనిపించినా, కలిసి కనిపించినా దయచేసి ఫోన్ చేయగలరు" అని, కింద నా నంబరు. అలవాటు కొద్దీ నాలుగు మూలలా పసుపు రాశాను. అక్క చూసి "భోజనాలు ఎన్నింటికో గూడ రాయకపోయినవా" అంది.

మొన్న వాళ్లొచ్చినప్పుడు బయటికి వెళ్తూ, ఈసారి అక్షరం పోకుండా బీడీలక్కకు మళ్లీ చెప్పాను. ఆయన ఒక్కడు వస్తే ఆపు, ఆమె ఒక్కతె వస్తే ఆపు.

"ఇద్దరు కలిసి వస్తె?" అని నేనే గుర్తుచేశాను.

బీడీలక్క దారం కొరికి, చుట్టిన బీడీ కట్టలో పెట్టింది.

"బొట్టు పెట్టి, నీకు ఫోన్ జేస్త" అంది.